బాబ్‌క్యాట్

బాబ్‌క్యాట్ (శాస్త్రీయ నామం: లింక్స్ రూఫస్) ఉత్తర అమెరికాలో అత్యధిక సంఖ్యలో ఉన్న అడవి పిల్లి. మన లదాఖ్ కొండల్లో తిరిగే యురేషియా లింక్స్‌కు దగ్గర బంధువు. గోధుమ వన్నె ఒంటి మీద నల్లటి మచ్చలు, చెవుల కొసన చిన్న కుచ్చులు, జానెడైనా లేని తోక దీని గుర్తులు. ఇంటి పిల్లికి రెండు మూడింతలుంటుంది. 1777లో జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త ష్రేబర్ దీన్ని శాస్త్ర గ్రంథాలకెక్కించాడు.

దీని పూర్వీకులు సుమారు 26 లక్షల ఏళ్ల కిందట బేరింగ్ భూమార్గం దాటి ఆసియా నుంచి వచ్చాయని భావిస్తారు. ఈనాడు దక్షిణ కెనడా నుంచి మెక్సికోలోని వహాకా వరకు ఎడారిలోనూ, చిత్తడి నేలల్లోనూ, పర్వతారణ్యాల్లోనూ బతుకుతోంది. ఇది ఓడిపోయేది లోతైన మంచు దగ్గరే. కెనడా లింక్స్‌కున్నట్టు వెడల్పైన, బొచ్చు నిండిన పాదాలు దీనికి లేవు; అడుగు వేస్తే కూరుకుపోతుంది. ఉత్తరాన దీని సరిహద్దును గీసింది ఎక్కువగా ఆ మంచే.

కుందేళ్లు ప్రధానాహారం. అవి దొరకకపోతే ఎలుకలు, ఉడతలు, పక్షులు, చలికాలంలో అదను చూసి జింకలు కూడా. వెంటాడి పట్టే ఓపిక తక్కువ. పొంచి ఉండి ఒక్క దూకుతో పని ముగిస్తుంది. తినగా మిగిలిన మాంసాన్ని ఆకులతోనో మంచుతోనో కప్పి, మళ్లీ వచ్చి తింటుంది. 2021లో ఫ్లోరిడాలోని బిగ్ సైప్రస్‌లో ఒక బాబ్‌క్యాట్ బర్మా కొండచిలువ గుడ్లను తినడం కెమెరాకు చిక్కింది. పరాయి దేశం నుంచి వచ్చి అక్కడి జంతుజాలాన్ని మింగేస్తున్న పాము అది!

ఇది ఒంటరి జీవి. వేకువన, సందె వేళ చురుగ్గా తిరుగుతుంది. మూత్రంతో, గోటి గీతలతో హద్దులు చాటుతుంది. ఒక మగదాని ఇలాకాలో రెండు మూడు ఆడవాటి ఇలాకాలు కలిసి ఉండవచ్చు. ఆడవి మాత్రం ఒకదాని జోలికి మరొకటి పోవు. రెండు నెలల గర్భం తర్వాత సాధారణంగా రెండు నుంచి నాలుగు కూనలు పుడతాయి. వాటిని సాకడం పూర్తిగా తల్లి పనే.

మనిషితో దీని పరిచయం పాతది. ఇల్లినాయ్ నది దగ్గర సుమారు 2,000 ఏళ్ల నాటి సమాధి దిబ్బలో మెడలో గవ్వపూసల హారంతో పూడ్చిన బాబ్‌క్యాట్ కూన దొరికింది. ఆ ఎముకలను చాలాకాలం కుక్కపిల్లవనుకున్నారు. తర్వాతి కాలపు వ్యవహారం అంత ముద్దుగా లేదు. అడవులు పొలాలు కావడంతో 1850 నాటికి ఒహాయోలో ఇది దాదాపు అదృశ్యమైంది. 1970లలో మచ్చలున్న పెద్ద పిల్లుల తోళ్లపై అంతర్జాతీయ ఆంక్షలు రాగానే ఫ్యాషన్ వ్యాపారుల చూపు దీనిపై పడి తోలు ధర ఎగబాకింది. 1977లో వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో చేరాక ఎగుమతికి అనుమతి తప్పనిసరైంది. వీటిని తిరిగి నెలకొల్పడానికి న్యూజెర్సీ రాష్ట్రం 1978–82 మధ్య మెయిన్ రాష్ట్రం నుంచి 24 బాబ్‌క్యాట్‌లను తెచ్చి వదిలింది. ఒహాయోకు మాత్రం వాటంతట అవే తిరిగొచ్చాయి. 2010 ప్రాంతపు అంచనాలో అమెరికాలోని వాటి సంఖ్య 23 లక్షల నుంచి 35 లక్షలు.

కాలిఫోర్నియా 2015లో వీటిని ఉచ్చులతో పట్టడాన్ని నిషేధించింది. అయితే లాస్ ఏంజెలెస్ శివార్లలో మరో శత్రువు ఎలుకల మందు. మందు తిన్న ఎలుకలను తిని విషం ఒంటికెక్కిన బాబ్‌క్యాట్‌లకు ప్రాణాంతకమైన గజ్జి సోకడం ఎక్కువని పరిశోధకులు గుర్తించారు. ఆ రాష్ట్రం అలాంటి తీవ్రమైన మందుల వాడకాన్ని 2021 నుంచి చాలావరకు కట్టడి చేసింది.