బడి ఖర్చు ఎవరిది, షరతు ఎవరిది?

2024లో తమిళనాడు ప్రభుత్వం ఒక చిక్కు లెక్క వేసుకోవలసి వచ్చింది. 'పీఎం శ్రీ' పాఠశాలల పథకం ఒప్పంద పత్రంపై సంతకం చేస్తే జాతీయ విద్యావిధానం-2020ని అమలు చేస్తామని ఒప్పుకున్నట్లే. చేయకపోతే వేరే పథకమైన సమగ్ర శిక్షా నిధులు కూడా ఆగుతాయి. ఆ రాష్ట్రం సంతకం చేయలేదు. ఆ సంవత్సరానికి రావలసిన రూ.2,151 కోట్లకు పైగా సొమ్ము ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం పథకంలో చేరింది.

మీరు అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలవారైతే దీన్ని పొరుగు రాష్ట్రపు తగాదాగా మాత్రమే చూడవద్దు. బడికి డబ్బు ఇచ్చేదెవరు, పెత్తనం చేసేదెవరు అనే ఈ ప్రశ్న 170 ఏళ్ల క్రితం మీకు దగ్గరలోనే, వశిష్ఠ గోదావరి ఆవలి ఒడ్డున, తలెత్తింది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువ నీరు అందిన డెల్టా పల్లెల్లో రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడసాగాయి. 1854 ప్రాంతంలో సబ్-కలెక్టర్ జి.ఎన్. టేలర్ నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలో స్థానికుల చందాలతో బడులు పెట్టించాడు. (రాజోలు నుంచి చించినాడ వంతెన దాటితే ఇవన్నీ ఒక పూటలో తిరిగి రాగల ఊళ్లు.) వాటిని చూసి చుట్టుపక్కల రైతులు తమ ఊళ్లకూ బడి కావాలన్నారు. ఏటా కట్టే శిస్తుతో పాటు బడి కోసం కొంత అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు. ప్రభుత్వం ఆమోదించింది, పద్ధతి జిల్లాలోని ఇతర ప్రాంతాలకూ పాకింది. ఆంగ్ల రికార్డులు వీటిని 'రేట్ స్కూళ్లు' అన్నాయి.

దీన్ని ప్రజల విద్యాదాహానికి నిదర్శనంగా చెప్పుకోవచ్చు. అది నిజమే కానీ సగం నిజం. శిస్తు వసూలు చేసే యంత్రాంగమే బడి సొమ్మునూ వసూలు చేస్తుంటే చందా ఎక్కడ ముగిసిందో, పన్ను ఎక్కడ మొదలైందో ఎవరు చెప్పగలరు? దొరగారు అడిగితే కాదనగల రైతులు ఎందరుంటారు? ఈ వసూలుకు చట్టబద్ధమైన ఆధారం లేదన్న లోటును పూడ్చడానికే మద్రాసు ప్రభుత్వం 1863లో విద్యా చట్టం తెచ్చింది. 1871 స్థానిక నిధుల చట్టంతో ఈ బడులు స్థానిక నిధుల బోర్డుల చేతికి వెళ్లాయి. ఊరు తన ఇష్టంతో మొదలుపెట్టిన ఖర్చు ఇరవై ఏళ్లలోపే పైవారి చట్టంలో భాగమైందన్నమాట. 1854 నాటి ఉడ్ నివేదిక ప్రవేశపెట్టిన సహాయక నిధుల పద్ధతి సూత్రం కూడా ఇటువంటిదే: సొమ్ము కావాలంటే తనిఖీకి ఒప్పుకోవాలి.

ఇక రాజ్యాంగం సంగతి. 1950లో విద్య ప్రధానంగా రాష్ట్ర జాబితాలో ఉండేది. అత్యవసర పరిస్థితి కాలంలో వచ్చిన 42వ సవరణ (1976) దాన్ని ఉమ్మడి జాబితాకు మార్చింది. మార్పు 1977 జనవరి 3 నుంచి అమలయింది. ఇక్కడ ఒక తేడాను మీరు గట్టిగా పట్టుకోవాలి. చట్టం వేరు, పథకం వేరు. విద్యాహక్కు చట్టం-2009 పార్లమెంటు చేసిన చట్టం, దాని నుంచి ఏ రాష్ట్రమూ ఇష్టానుసారం తప్పుకోలేదు. పీఎం శ్రీ ఒప్పందంతో నడిచే పథకం, కాబట్టి చేరకుండా ఉండవచ్చు. తమిళనాడులో ఈ రెండూ ముడిపడ్డాయి. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు ఉద్దేశించిన 25 శాతం సీట్ల ప్రవేశాలు 2025లో సకాలంలో మొదలు కాలేదు. విద్యాహక్కు కింద ఇవ్వవలసిన సొమ్మును విద్యావిధానంతో ముడిపెట్టనక్కరలేదని మద్రాసు హైకోర్టు చెప్పవలసి వచ్చింది. మొత్తం నిధుల కోసం రాష్ట్రం 2025 మేలో సుప్రీంకోర్టుకు వెళ్లింది.

తెలుగు రాష్ట్రం బయట నిలిచిన సందర్భం కూడా ఉంది, అయితే అక్కడ సమస్య డబ్బు కాదు, సీట్లు. ప్రభుత్వ వైద్య కళాశాలల సీట్లలో 15 శాతాన్ని అఖిల భారత కోటాకు ఇవ్వాలన్న ఏర్పాటు 1980లలో సుప్రీంకోర్టు తీర్పుల ద్వారా వచ్చింది. స్థానికులకు ప్రవేశాల్లో రక్షణ కల్పించే 371-డి అధికరణం కారణంగా ఆంధ్రప్రదేశ్ అందులో చేరలేదు. మన సీట్లు మనకే మిగిలాయి. మన విద్యార్థి మాత్రం ఆ కోటాలో ఇతర రాష్ట్రాల సీట్లకు పోటీపడే అవకాశం పోగొట్టుకున్నాడు. విభజన తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలూ 2018-19లో అందులో చేరాయి. అన్నేళ్లు బయట ఉండి లాభపడ్డామా, నష్టపోయామా అన్నది తేలికగా తేల్చగల విషయం కాదు. పెద్ద ఊళ్లలో ఖరీదైన శిక్షణ పొందిన వారికి ఒక జవాబు, లంక గ్రామం నుంచి వచ్చిన వారికి మరో జవాబు ఉండవచ్చు.

నిధులు వద్దనుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే మీ ఊరి బడిలో మధ్యాహ్నం పూట పిల్లల కంచం చూడండి. లంకల గన్నవరంలో వచ్చిన వారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ (1841-1909) పేరు 2024 నుంచి రాష్ట్ర ప్రభుత్వ బడి భోజన పథకానికి ఉంది. పేరు కోనసీమది. కానీ ఎనిమిదో తరగతి వరకు వంట ఖర్చు వాటాలు కేంద్రానివి 60, రాష్ట్రానివి 40. బియ్యం కూడా కేంద్ర కేటాయింపే. 9, 10 తరగతుల పిల్లల భోజనం ఖర్చు మాత్రం రాష్ట్రమే పెట్టుకుంటోంది. ఒకే వరండాలో కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్లవాడి అన్నం వెనుక ఒక లెక్క, తొమ్మిదో తరగతి అమ్మాయి అన్నం వెనుక మరో లెక్క. రేపు రాష్ట్రం ఏదో ఒక షరతు నచ్చక ఆ 60 వద్దనుకుంటే మొదట ఎవరి కంచం గురించి ఆలోచించాలి?

మీ దగ్గరలోని ప్రభుత్వ పాఠశాలకు వెళ్లి ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఒక పట్టిక తయారు చేయండి. ఉపాధ్యాయుల జీతాలు, పుస్తకాలు, యూనిఫారం, భోజనం, భవనం మరమ్మతులు: ఒక్కొక్కటి ఎక్కడి డబ్బు, దానితో పాటు ఏ షరతు వచ్చిందో ఎదురుగా రాయండి. గ్రామస్థులో, పూర్వ విద్యార్థులో ఇచ్చిన విరాళాలు ఉంటే వాటికి వేరే గడి పెట్టండి. 1854 నాటి రైతుల చందాతో పోల్చడానికి అది పనికొస్తుంది.