జ్వాజోలో 'జ' ఎక్కడిది?

మారిషస్‌లో మా ఇంటి భాష క్రెయోల్. తెలుగు నేను సొంతంగా నేర్చుకుంటున్నాను. ఈసారి ఒక చిన్న శబ్దం చరిత్ర రాస్తాను. ఆ శబ్దం 'జ'. 'రోజు' అనే మాటలో వినిపించే జకు ఇది దగ్గర.

క్రెయోల్‌లో పక్షిని జ్వాజో అంటాం, నక్షత్రాన్ని జెత్వాల్ అంటాం. రెండూ ఫ్రెంచ్ మాటలే. కానీ ఫ్రెంచ్‌లో పక్షి 'వాజో', నక్షత్రం 'ఎత్వాల్'. మరి ముందున్న జ ఎలా వచ్చింది?

ఫ్రెంచివారు పలుకును విడగొట్టే పద్ధతి చూడండి. రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది తరువాతి అచ్చుతో కలుస్తుంది: ఆ-ని-మాల్ (జంతువు). మన గుణింతం లాగే! రెండు హల్లులు వస్తే మామూలుగా విడిపోతాయి: పార్-లే (మాట్లాడటం). బ్ల, త్ర లాంటి జంటలు మాత్రం విడిపోవు: తా-బ్లో (చిత్రపటం).

ఈ పద్ధతి మాట చివర ఆగదు. పాత ఫ్రెంచ్‌లో బహువచనం చివర 'స్' పలికేవారు. తరువాత అది పలుకులో పోయి, రాతలో మిగిలింది. కానీ వెనక వచ్చే మాట అచ్చుతో మొదలైతే అది 'జ'గా బతికింది. అందుకే పిల్లులు 'లె షా', పక్షులు 'లె జ్వాజో'. మనం కూడా 'వాడు ఎవడు' అనే మాటలను వా-డె-వ-డు అని కలిపేస్తాం. ఆ 'డె' ఏ మాటది? రెండింటిదీ.

ఇప్పుడు చరిత్రకు వద్దాం. 1715లో ఫ్రెంచివారు ఈ దీవిని తమదిగా ప్రకటించారు. మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి, కొందరిని భారతదేశం నుంచి కూడా బానిసలుగా తెచ్చారు. వాళ్లు ఫ్రెంచ్‌ను పుస్తకంతో కాదు, చెవితో నేర్చుకున్నారు. మాటల మధ్య ఖాళీ చెవికి వినిపించదు. లె-జ్వా-జో అని విన్నారు, జ్వాజో అని దాచుకున్నారు. అందుకే ఒకే పక్షి అయినా 'ఎన్ జ్వాజో' అంటాం. అలాగే 'ద్యు రి' దిరి (బియ్యం) అయింది, 'ద లో' దిలో (నీళ్లు) అయింది.

1810లో దీవి బ్రిటిషువారి చేతికి వెళ్లింది, భాష మాత్రం మారలేదు. 1834 నుంచి ఒప్పంద కూలీలు పెద్ద సంఖ్యలో వచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కోరంగి రేవు పేరుతో వారిని కోరంగీలు అని పిలిచారు. వారు ఓడ దిగేసరికే దిరి, దిలో ఇక్కడ సిద్ధంగా ఉన్నాయి.

క్రెయోల్‌ను చాలాకాలం 'చెడిపోయిన ఫ్రెంచ్' అన్నారు. 2012లో అది ప్రాథమిక బడిలో తెలుగులాంటి పూర్వీకుల భాషల పక్కన ఒక పాఠంగా చేరింది. నాకు మాత్రం జ్వాజో తప్పు మాట కాదు, సాక్ష్యం. ఆ బానిసలు రాసిన పుస్తకాలు మన దగ్గర లేవు. కానీ వాళ్లు ఏం విన్నారో ఆ జ చెబుతుంది.

మీరూ 'లె-జె-త్వాల్' అని ఒకసారి పైకి పలకండి. మీ ఇంటి తెలుగులో ఇలా అతుక్కుపోయిన మాటలు ఏమున్నాయో నాకు రాయండి.