కంప్యూటరు చప్పుళ్ళు: ఒక కొత్త గౌళిశాస్త్రం

గోడ మీద బల్లి పలికితే ఏ దిక్కున పలికింది, ఏ వేళ పలికింది అని లెక్కించి ఫలం చెప్పే గౌళిశాస్త్రం మనకు చిరకాలంగా ఉన్నది. బల్లి తన అవసరం కొద్దీ పలుకుతుంది. శకునం మాత్రం మన మనస్సులో పుడుతుంది. ఇంటిలోకి కంప్యూటరు వచ్చిన తరువాత ఈ శాస్త్రానికి మరొక అధ్యాయం చేరింది. ఎవరూ తాకకుండానే పెట్టె లోపల కీచుమన్నా, టక్కుటక్కుమన్నా, ఉన్నట్టుండి ఏదో పాట వినిపించినా మొదట నోట వచ్చే మాట "వైరసేమో!" అన్నదే. ఆ భయాన్ని మూఢనమ్మకమని కొట్టివేయరాదు. సహేతుకమని పూర్తిగా ఒప్పుకొననూరాదు. డెబ్బై ఏళ్ళు దాటిన ఈ చప్పుళ్ళ చరిత్రను వరుసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. యంత్రం తనంత తానుగా చేసిన చప్పుడు చాలావరకు హితవే. కీడు తలపెట్టినవాడు క్రమంగా మౌనం నేర్చాడు. కడపట, మోసగాండ్రు ఆ హితవు గొంతునే అనుకరించడం మొదలుపెట్టారు.

తొలితరం కంప్యూటర్లకు లోపల జరుగుతున్నదానిని వాక్యాలలో చూపగల నేటివంటి తెరలు లేవు. లెక్క సాగుతున్నదా, ఒకే చోట గానుగెద్దులా తిరుగుతున్నదా, ముగిసినదా అని తెలుసుకొనడానికి చెవి ఒక సాధనమయింది. సిడ్నీ నగరంలో 1949లో తొలి పరీక్షలు జరుపుకొని, తరువాతి కాలంలో సైరాక్ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఆస్ట్రేలియా కంప్యూటరుకు ఒక స్పీకరును తగిలించారు. పని ఎంతవరకు వచ్చిందో, ఎప్పుడు ముగిసిందో తెలియడానికి ప్రోగ్రాము వ్రాసేవారు తమ ఆదేశాల నడుమ ధ్వని పుట్టించే ఆదేశాలను పొదిగేవారు. ఆ సౌకర్యాన్నే వాడుకొని 1951లో ‘కర్నల్ బోగీ’ అనే కవాతు బాణీని దానిచేత పలికించారు. ఆ యంత్రం నేటికీ మెల్‌బోర్న్‌లో భద్రంగా ఉన్నది.

ఆ రోజులలోనే ఇంగ్లండులో మాంచెస్టరు విశ్వవిద్యాలయపు కంప్యూటరుకు ‘హూట్’ అనే ఆదేశం ఉండేది. ఎలన్ ట్యూరింగ్ తాను వ్రాసిన ప్రోగ్రామర్ల కరదీపికలో దాని వినియోగాన్ని వివరించాడు. ఒక ఆదేశానికి ఒక టిక్కు మాత్రమే. ఆ టిక్కునే సమానమైన ఎడంతో, మిక్కిలి వేగంగా మరల మరల పలికిస్తే చెవికి అది ఒక స్వరంగా తోస్తుంది. ఎడం మారితే స్వరం మారుతుంది. క్రిస్టఫర్ స్ట్రేచీ ఈ కిటుకుతో బ్రిటిషు జాతీయగీతాన్ని పలికించాడు. 1951లో బీబీసీ వారు చేసిన ధ్వనిముద్రణలో ఆ గీతంతో పాటు మరి రెండు బాణీలు ఉన్నాయి. నడుమ యంత్రం మొరాయించడమూ, అక్కడివారు నవ్వుకొనడమూ కూడా అందులో వినిపిస్తాయి. ఆ ముద్రణను 2016లో న్యూజిలాండు పరిశోధకులు సరిచేసి అసలు శ్రుతికి తెచ్చారు.

ఆ నవ్వు గమనింపదగినది. యంత్రం అపస్వరం పలికినా అక్కడ ఎవరూ భయపడలేదు. ఏ ఆదేశానికి ఏ ధ్వనో వారికి తెలుసు. కుండను వేలితో తట్టి పచ్చిదో, కాలినదో, బీటలు వారినదో చెప్పగల కుమ్మరికి కుండ చప్పుడంటే భయమెందుకు?

1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ పర్సనల్ కంప్యూటరును విపణిలోకి తెచ్చినప్పుడు ఈ పద్ధతే ఇళ్ళలోకి వచ్చింది. మీట నొక్కగానే యంత్రం ముందుగా తన అవయవాలను తానే పరీక్షించుకొంటుంది. తెరను నడిపే భాగమే చెడినదని ఆ పరీక్షలో తేలితే ఆ సంగతిని తెర మీద ఎలా వ్రాయగలదు? అందుకే పెట్టె లోపల ఒక చిన్న స్పీకరును అమర్చారు. ఒక పొట్టి బీపు వినిపిస్తే అంతా క్షేమం. ఒక పొడుగు, రెండు పొట్టి బీపులు వినిపిస్తే తెరను నడిపే కార్డులో దోషం. ఛందస్సు చదివినవారికి ఇది గురువు, లఘువు, లఘువు కలిసిన భగణమని వేరుగా చెప్పనక్కరలేదు. తరువాత అనేక సంస్థలు ఇటువంటి యంత్రాలను చేయనారంభించాయి. యంత్రాన్ని మేలుకొలిపే బయాసు అనే మూల ప్రోగ్రామును వ్రాసిన ఫీనిక్సు, అవార్డు, ఏఎంఐ సంస్థలు ఎవరి ఛందస్సు వారు ఏర్పరచుకొన్నారు. ఒకరి గణం మరొకరి యంత్రంలో వేరే అర్థం ఇచ్చేది. యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఆ పట్టిక ఉండేది. పుస్తకం అటక మీదికి చేరేది. అర్థం తెలిసిన ధ్వని అర్థం తెలియని ధ్వనిగా, అర్థం తెలియని ధ్వని శకునంగా మారింది ఇక్కడే.

ఇంతలో దుష్టుడొకడు అదే గొంతును ఎరువు తెచ్చుకొన్నాడు. డాస్ కాలంలో ఆ చిన్న స్పీకరుకు కాపలా లేదు. ఏ ప్రోగ్రామైనా, ఎవరి అనుమతీ లేకుండా, దానిని నేరుగా మోగించవచ్చు. బల్గేరియాలో పుట్టి 1989లో బయటపడిన ‘యాంకీ డూడుల్’ అనే వైరసు ఈ స్వేచ్ఛను వాడుకొన్నది. అది సోకిన యంత్రంలో సాయంత్రం అయిదు గంటలకు అదే పేరు గల పాత అమెరికా పాట బాణీ మోగేది. దాదాపు ఆ కాలంలోనే తెర మీది అక్షరాలను పండుటాకులవలె అడుగుకు రాల్చే ‘కాస్కేడ్’, తెరపై బంతిని ఎగురవేసే ‘పింగ్ పాంగ్’ కూడా వ్యాపించాయి. ఇటువంటివి వ్రాసినవారికి ధనం మీదకంటె తమ చేతివాటం నలుగురి కంట పడాలన్న కోరిక మీదనే మక్కువ ఎక్కువ. వైరసు అంటే ఆడుతుంది, పాడుతుంది అన్న భావం జనుల మనస్సులలో నాటుకొన్నది ఆ రోజులలోనే.

ఆ భావానికి పెద్ద పరీక్ష 1997లో మొదలయింది. ఆ ఏటి నుండి అవార్డు బయాసు గల కొన్ని యంత్రాలలో ఒక విచిత్రమైన ఏర్పాటు చేశారు. ప్రాసెసరును చల్లబరచే ఫ్యాను ఆగినా, ఆగబోతున్నా, లోపలి వోల్టేజి హద్దు తప్పినా ఆ చిన్న స్పీకరులో బీథోవెన్ కూర్చిన ‘ఫ్యూర్ ఎలీజ్’ గాని, ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ అనే పాట బాణీ గాని మోగుతుంది. యాంకీ డూడుల్ కథలు వినిన చెవులకు ఇది మరేమని తోస్తుంది? పాట వినిపించే ప్రోగ్రామును ఎవరూ తెరవలేదు; స్పీకర్ల తీగ పీకివేసినా పాట ఆగదు. చివరకు మైక్రోసాఫ్టు సంస్థ తన సహాయ పత్రాలలో దీనికై ఒక పత్రాన్ని చేర్చవలసివచ్చింది. కంప్యూటరు ఉన్నట్టుండి శాస్త్రీయ సంగీతం వినిపిస్తుందని దాని శీర్షిక భావం. లక్షణాలు వైరసువలె కనిపించినా ఇది మదర్‌బోర్డులోని పర్యవేక్షణ ఏర్పాటు పని అని అందులో స్పష్టం చేశారు.

ఇందులోని ప్రమాదం నవ్వులాట కాదు. పాట విని వైరసని తలచినవాడు వైరసును పట్టే ప్రోగ్రామును గంటల తరబడి నడుపుతాడు. ఆ గంటలన్నీ గాలి ఆడని ప్రాసెసరు కాగుతూనే ఉంటుంది. రోగి జ్వరంతో పలవరిస్తుంటే దయ్యం పట్టిందని భూతవైద్యుని పిలిచినట్లే. పది నిమిషాలు మూత విప్పి ఫ్యానుకు పట్టిన దుమ్ము దులిపితే తీరేదానికి యంత్రమే బలి కావచ్చు.

బడిలో తరగతి నడిపిన ఏ ఉపాధ్యాయునికైనా ఒక సంగతి తెలుసు. గోల వినబడుతున్నంతసేపు బెంగ లేదు. వెనుక బెంచీలు హఠాత్తుగా నిశ్శబ్దమైతేనే లేచి వెళ్ళి చూడాలి. వైరసుల చరిత్ర కూడా ఆ నిశ్శబ్దం వైపే నడిచింది. తైవానులో ఒక విద్యార్థి వ్రాయగా 1998లో బయటపడిన ‘సీఐహెచ్’ వైరసు అలికిడి లేకుండా యంత్రాలలో కూర్చుని, 1999 ఏప్రిల్ 26న విరుచుకుపడింది. డిస్కులోని సమాచారాన్ని పాడుచేయడమే గాక, కొన్ని మదర్‌బోర్డులలో బయాసునే చెరిపివేసింది. బయాసు పోయిన యంత్రానికి ఆత్మపరీక్ష లేదు. ఆపదలో ఉన్నానని చెప్పుకొనే బీపు కూడా లేదు. ముందుగా గొంతు నులమడమంటే ఇదే. ఆ తరువాత ధనాపేక్ష ప్రవేశించింది. 2007లో కనుగొన్న ‘జ్యూస్’ వంటివి బ్యాంకు రహస్యపదాలను దొంగిలించడానికి పుట్టినవి. వాటికి కీర్తి అక్కరలేదు. ఇల్లు దోచేవాడు డప్పు కొట్టుకొంటూ రాడు కదా!

చప్పుడు హితవే అన్న సూత్రానికి ఒక అపవాదమున్నది. యంత్రం చప్పుడు యజమానికే గాక పొరుగువానికీ వినబడుతుంది. 1956లో సూయజ్ సంక్షోభ సమయాన లండనులోని ఈజిప్టు రాయబార కార్యాలయంలో రహస్యలిపి యంత్రం ఉండేది. దాని చక్రాలను త్రిప్పి అమర్చేటప్పుడు పుట్టే చప్పుడును బ్రిటిషు గూఢచారి శాఖ చాటుగా విని, అమరికను గ్రహించిందని ఆ శాఖలో పనిచేసిన పీటర్ రైట్ 1987లో వెలువడిన తన ‘స్పైక్యాచర్’ గ్రంథంలో వ్రాశాడు. 2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ పరిశోధకులు, ఒకరు కీబోర్డు మీద ఆంగ్లం వ్రాస్తుండగా పది నిమిషాల చప్పుడును ముద్రించి, అందులో 96 శాతం వరకు అక్షరాలను తిరిగి రాబట్టవచ్చునని చూపారు. 2013లో గెన్కిన్, షమీర్, ట్రోమర్ అనే ముగ్గురు పరిశోధకులు ఇంకొక అడుగు వేశారు. పని భారం మారినప్పుడు కంప్యూటరులో విద్యుత్తును క్రమబద్ధం చేసే చుట్టలు, కెపాసిటర్లు కంపించి సన్నని కూత పెడతాయి. ఆ కూతను ప్రక్కన పెట్టిన మొబైల్ ఫోనుతో విని, ‘గ్నూపీజీ’ అనే ప్రోగ్రాములోని 4096 బిట్ల రహస్య తాళపుచెవిని రాబట్టారు. ఆ లోపాన్ని వెంటనే సవరించారు. ఇది దేశ రహస్యాలు కాపాడేవారు పట్టించుకొనవలసిన సంగతి. మన ఇంటి యంత్రం సన్నగా కూస్తే అది చాలా మటుకు విద్యుత్తు కంపనమే. ఎవరో చెవి ఒగ్గి వింటున్నారని నిద్ర మానుకోనక్కరలేదు.

నిద్ర మానుకోవలసిన చప్పుడు వేరొకటి ఉన్నది. వైరసు సోకిందని ఫోను చేసి బెదిరించి డబ్బు గుంజే వ్యాపారం ఒకటి బయలుదేరింది. 2012 అక్టోబరులో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషను అటువంటి ఆరు ముఠాలపై చర్య ప్రకటించింది. వాటిలో అధికభాగం భారతదేశం నుండి నడిచినవి కావడం మనకు తలవంపు. తరువాత ఆ విద్య మరింత ముదిరింది. అంతర్జాలంలో ఏదో పుట తెరుస్తాం, తెర అంతా ఎర్రబడుతుంది, సైరను మోగుతుంది, మీ కంప్యూటరును మూయవద్దు, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి అని ఒక గొంతు హెచ్చరిస్తుంది. చేస్తే, అవతలివాడు మర్యాదగా మాట్లాడి మన యంత్రాన్ని దూరం నుండి తన చేతిలోకి తీసుకొంటాడు. విండోసు తన దినచర్యలో వ్రాసుకొనే సాధారణమైన తప్పుల చిట్టాను చూపి, ఇవన్నీ వైరసులే అంటాడు. ఇది గోముఖ వ్యాఘ్రం. ఒకనాడు యంత్రం నిజంగా ఆపదలో పలికిన గొంతు మీద మనకున్న విశ్వాసమే వానికి పెట్టుబడి. పింఛను డబ్బు బ్యాంకులో దాచుకొని, పిల్లలు దూరదేశాలలో ఉండగా ఒంటరిగా కంప్యూటరు ముందు కూర్చునే మా తరం వారు ఈ వలలో సులభంగా పడుతున్నారు.

నేటి యంత్రాలలో చాలావాటికి ఆ చిన్న స్పీకరు లేదు. తిరిగే డిస్కు స్థానంలో చప్పుడు చేయని చిప్పులు వచ్చాయి. కొన్నింటికి ఫ్యానే లేదు. యంత్రపు సొంత గొంతు సన్నగిలేకొద్దీ, మనకు వినబడేవి ఎక్కువగా బయటివారు పంపిన ధ్వనులే అవుతున్నాయి. కనుక చప్పుడు వినగానే అడగవలసిన ప్రశ్న "శకునం మంచిదా, చెడ్డదా?" అని కాదు, "ఎక్కడి నుండి వస్తున్నది?" అని. ధ్వనిని పూర్తిగా తగ్గించినా పెట్టెలో నుండి వినిపిస్తుంటే అది హార్డువేరు పలుకు: గరగరమంటే ఫ్యాను, డిస్కు టక్కుటక్కుమంటే ముందుగా ముఖ్యమైన ఫైళ్ళను వేరొక చోటికి నకలు తీయాలి, చికిత్స తరువాత. ధ్వని తగ్గించగానే ఆగితే అది ఏదో ప్రోగ్రామో, తెరిచిన పుటో చేసినది. ఆ పుటను మూసివేయాలి. మూతపడకపోతే విద్యుత్తు మీటను కొన్ని క్షణాలు నొక్కిపట్టి యంత్రాన్నే ఆపివేయవచ్చు. యంత్రం ఆపదలో ఉంటే బీపు పలుకుతుంది, పాట పాడుతుంది, టక్కుటక్కుమంటుంది. ఫోను నంబరు మాత్రం ఇవ్వదు, తొందరపెట్టి డబ్బు అడగదు. ఎవరైనా అప్పటికే మోసపోయి ఉంటే సిగ్గుపడి దాచుకొనక, ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

బల్లి పలుకుకు ఫలం చెప్పే పట్టిక ఉన్నవాడికి బల్లి అంటే జీవితాంతం భయమే. బల్లి పురుగుల కోసం తిరుగుతున్నదని తెలిసినవాడు దీపమార్పి నిద్రపోతాడు.