అబ్బా ఆవాజ్, తీగ మీది రిమోట్

ఈసారి తారీఖ్ నవాబులదీ కోటలదీ కాదు. మా ఇంటి అల్మారాలో పడున్న ఒక తీగది.

1980లలో మా గట్టు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016లో జోగులాంబ గద్వాల జిల్లాలోకి వచ్చింది. అబ్బా అప్పట్లో జిద్దాలో కొలువు చేసేవారు. దాదీమాకి చదువు రాదు. అందుకే అబ్బా ఖత్ రాయకుండా క్యాసెట్ నింపి, ఊరికొచ్చే వాళ్ల చేత పంపేవారు. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ క్యాసెట్, ఇరవై ఏళ్లలో గల్ఫ్ ఖాందాన్లకి మాట్లాడే ఖత్ అయిపోయింది.

ఒక క్యాసెట్‌లో అబ్బా అడుగుతారు: "అమ్మీ, దవా బరాబర్ ఖారే నా?" అడిగి కాసేపు ఖామోష్. జవాబు కోసం ఆగినట్టే ఉంటుంది. ఆ ఖామోషీలో దాదీమా జవాబు చెప్పేది. ఆమె మాట పూర్తి కాకముందే అబ్బా వేరే సంగతి ఎత్తుకునేవారు. అప్పుడు దాదీమా, "రుకో బేటా, రుకో" అనేది క్యాసెట్‌తో.

వాక్‌మన్ జపాన్‌లో 1979 జులై 1న అమ్మకానికొచ్చింది. సోనీ వారి ఆ మొదటి మోడల్‌కి ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రాలు రెండు. ఒక్కడే చెవులు మూసుకుని వింటే పక్కవాళ్లకి బేఅదబీ అవుతుందని వాళ్లకి ఫికర్. ఒక నారింజ బటన్ కూడా ఉండేది. నొక్కితే పాట తగ్గి, మైక్ ద్వారా ఒకరి మాట ఒకరికి వినిపించేది. తరువాతి మోడళ్లలో ఆ రెండో రంధ్రం, ఆ బటన్ పోయాయి. 1980ల చివరికి బటన్లు తీగ మీదికి దిగాయి. ప్లేయర్ జేబులోనే ఉంటుంది, ఆపడం, నడపడం వేళ్ల దగ్గరే. 1992లో మినీడిస్క్ వచ్చాక, ఆ రిమోట్లకి చిన్న తెరలు కూడా పెట్టారు. 2002 ఐపాడ్‌లో రిమోట్ కోసం ఇయర్‌ఫోన్ రంధ్రం చుట్టూ వేరే కనెక్షన్ ఇచ్చారు. ఫోన్ల కాలానికి ఆ వేరే కనెక్షన్ పోయి, హుకుం కూడా పాట వెళ్లే పిన్నులోంచే వెళ్లడం మొదలైంది.

ఎలాగంటే, పిన్ను మీది నల్ల గీతలు లెక్కపెట్టండి. రెండుంటే ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండ్, అంతే. మూడుంటే మైక్ తీగ కూడా ఉన్నట్టు. రిమోట్ బటన్ నొక్కితే ఆ మైక్ తీగకీ గ్రౌండ్‌కీ మధ్య రెసిస్టెన్స్ మారుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో పాజ్‌కి దాదాపు సున్నా, ఆవాజ్ పెంచడానికి 240 ఓమ్‌లు, తగ్గించడానికి 470. ఫోన్ ఆ అంకెని బట్టి హుకుం అర్థం చేసుకుంటుంది.

ఇది నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. అబ్బా ఇంతెఖాల్ అయిన చాలా ఏళ్లకి, ఆ క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక చిన్న ప్లేయర్‌లో వేశాను. తీగ మీద పాజ్ బటన్ ఉంది కదా, దాదీమా తనే ఆపుకుంటుందని నా ఖుషీ. కానీ అప్పటికి ఆమె చెవులు మందగించాయి. ఇయర్‌ఫోన్‌లో ఎంత పెంచినా, "జోర్ సే లగా బేటా" అంటుంది. మైక్ సెట్ దుకాణం నుంచి పాత ఆంప్లిఫయర్, రెండు బాక్సులు తెచ్చి బిగించాను. అబ్బా గొంతు ఇల్లంతా నిండింది. వాకిట్లో ఉన్న ఫుప్పమ్మ చేతిపని వదిలి లోపలికొచ్చింది.

ఒక్కటే తక్లీఫ్. రిమోట్ ఆ ఇయర్‌ఫోన్ తీగ మీదుంది. ఇయర్‌ఫోన్ తీసి ఆంప్లిఫయర్ తీగ పెట్టగానే రిమోట్ కూడా పోయింది. పైగా ఆ తీగ పిన్నుకి రెండే గీతలు. ఆవాజ్ పోతుంది, హుకుం పోదు. ప్లేయర్ మీది బటన్లు ఆమె కళ్లకి ఆనవు. రిమోట్ కావాలంటే ఒక్కతే వినాలి, అదీ సరిగా వినపడదు. అందరితో వినాలంటే రిమోట్ లేదు.

చివరికి నేనే రిమోట్‌నయ్యాను. పక్కన కూర్చుని, "ఖారే నా" అన్న మాట రాగానే పాజ్ నొక్కేవాణ్ణి. దాదీమా తీరిగ్గా చెప్పేది: బీపీ గోలీ వేసుకున్నాననీ, కత్తిరి ఎండలు ముదిరాయనీ, చిన్నదాని నికా కుదిరిందనీ. అయ్యాక చెయ్యి ఊపేది. అప్పుడు మళ్లీ నడిపేవాణ్ణి. ముప్పై ఏళ్ల కిందటి సవాల్‌కి ఆమెకి పూర్తిగా జవాబిచ్చే మోకా అప్పుడు దొరికింది.

దాదీమా కూడా లేదిప్పుడు. మీ ఇళ్లలో అలాంటి క్యాసెట్లుంటే, టేపు పాడుకాకముందే ఎక్కించుకోండి. ఆంప్లిఫయర్‌కి బిగించేటప్పుడు దాని ఆవాజ్ సున్నా దగ్గర పెట్టి, ప్లేయర్‌ది ముప్పావు వరకూ పెంచి, ఆ తర్వాత ఆంప్లిఫయర్‌ది మెల్లగా పెంచండి. బుజుర్గుల పక్కన ఒకరు కూర్చోండి, పాజ్ నొక్కడానికి.

ఖుదా హాఫిజ్.