ఆ సెలైన్ సీసాలో ఏముంది?

మన గోదావరి జిల్లాల్లో ఏ ఊరెళ్ళినా అరుగు మీద నల్ల కళ్ళజోడుతో ఓ మామ్మో తాతయ్యో కనిపిస్తారు. శుక్లాల ఆపరేషన్ అయిందన్నమాట. దాదాపు అందరికీ చూపు చక్కగా వస్తుంది. ఈ ఎపిసోడ్ మాత్రం అలా రానివాళ్ళ గురించి.

2016 జూన్ 30. హైదరాబాద్ మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి. ఆ రోజు శుక్లాల ఆపరేషన్ జరిగిన 13 మందికి కంటి లోపల ఇన్ఫెక్షన్ వచ్చింది. దీన్నే ఎండాఫ్తాల్మైటిస్ అంటారు. కొందరి చూపు పోయింది.

ఒకేరోజు అంతమందికా? అందరికీ కామన్‌గా తగిలిందేంటో చూడాలి కదా. ఆపరేషన్‌లో కంటిని కడగడానికి వాడిన రింగర్ లాక్టేట్ సెలైన్‌లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా దొరికింది. మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే, మనం రాసిన కోడ్ బానే ఉంటుంది, బయట నుంచి తెచ్చుకున్న లైబ్రరీ ముంచేస్తుంది.

నిజానికి ఇలాంటి బ్యాక్టీరియా అరుదు. ఎక్కువ కేసుల్లో శత్రువు మన రెప్పల మీదే కాపురముంటుంది. అందుకే ఆపరేషన్‌కి ముందు కంట్లో పోవిడోన్ అయోడిన్ చుక్కలు వేస్తారు. 1991లో న్యూయార్క్ డాక్టర్లు చూస్తే, ఆ చుక్కలు వేసినచోట ఇన్ఫెక్షన్లు వెయ్యికి ఒకటి కూడా లేవు. వేరే మందు వాడినచోట దానికి నాలుగు రెట్లు!

వచ్చేస్తే ఏంటి మరి? అమెరికాలో 420 మంది పేషెంట్లతో చేసిన పెద్ద స్టడీ 1995లో వచ్చింది. నరంలోకి ఎక్కించిన యాంటీబయాటిక్స్‌తో అదనపు లాభం కనపడలేదు. మందు నేరుగా కంటి లోపలికే ఇంజెక్షన్‌గా వెళ్ళాలి. చూపు మరీ వెలుగు తెలిసేంతకి పడిపోతే, లోపలి జెల్లీని కూడా ఆపరేషన్ చేసి తీసెయ్యాలి. ఇంకోటి, వాళ్ళలో నలుగురిలో ఒకరికి నొప్పే లేదు!

కాబట్టి మామ్మ "కాస్త మసగ్గా ఉందిరా" అంటే "రెండ్రోజులు చూద్దాంలే" అనకండి. ముందు బాగా కనిపించి తర్వాత చూపు తగ్గినా, కన్ను ఎర్రబడినా, రెప్ప వాచినా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఇక్కడ గంటలు కూడా లెక్కే. ఇంకో మాట. పుష్కరాలొచ్చినా సరే, డాక్టర్ ఒప్పుకునేదాకా కాలవలోనూ గోదాట్లోనూ మునకలొద్దు.

ఈ ఎపిసోడ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. ఉంటా మరి!