సమన్లు అందకముందే డిక్రీ: బస్తర్ వీడిన ప్రతివాదికి 30 రోజుల గడువు ఎప్పటి నుంచి?

సివిల్ దావాలో ప్రతివాది హాజరు కానప్పుడు వాది వాదన, సాక్ష్యాల ఆధారంగా మాత్రమే న్యాయస్థానం ఇచ్చేది ఏకపక్ష డిక్రీ. వాడుకలో దీనినే ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. సమన్లు సక్రమంగా అందలేదని గానీ, తగిన కారణం వల్ల హాజరు కాలేకపోయానని గానీ ప్రతివాది నిరూపిస్తే, డిక్రీ ఇచ్చిన న్యాయస్థానమే దానిని రద్దు చేసి దావాను తిరిగి విచారణకు తీసుకుంటుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని తొమ్మిదో ఆర్డర్, 13వ రూల్ ఇందుకు ఆధారం.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతానికి ఈ నిబంధన ప్రత్యేకంగా అవసరమైనది. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత నేటి సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి వేలాది ఆదివాసీలు ఊళ్లు విడిచి అప్పటి ఖమ్మం జిల్లా అడవులకు చేరుకున్నారు. వారి కుటుంబాలు నేడు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఉన్నాయి. అలాంటి వ్యక్తిపై దంతెవాడలోనో జగదల్‌పూర్‌లోనో దావా పడితే, సమన్లు సాధారణంగా పాత చిరునామాకే వెళతాయి.

ప్రతివాది ఇంట్లో లేకపోతే, అతనితో కలిసి నివసించే వయోజనులైన కుటుంబ సభ్యులకు అమీనా సమన్లు ఇవ్వవచ్చు. ఇంటి పనివారు ఈ లెక్కలోకి రారు. ఎవరూ లేనప్పుడు ఇంటి తలుపుకు అంటించి, ఎప్పుడు, ఏ పరిస్థితుల్లో అంటించారో, ఇల్లు చూపినవారు, సాక్షులు ఎవరో నివేదికలో రాయాలి. అయితే ఐదో ఆర్డర్ 17వ రూల్ చెప్పేది ప్రతివాది ‘సాధారణంగా నివసించే’ ఇంటి గురించి. ఏళ్ల క్రితం ఖాళీ చేసిన గుడిసె ఆ మాటకు సరిపోతుందా అన్నదే వివాదమవుతుంది.

మామూలు పద్ధతిలో సమన్లు అందించలేమని న్యాయస్థానం నమ్మితే పత్రికా ప్రకటనకు ఆదేశించవచ్చు. ఆ పత్రిక ప్రతివాది చివరిసారి నివసించినట్టు తెలిసిన ప్రాంతంలో చదివేదై ఉండాలి. అంటే మనిషి భద్రాచలం దగ్గర, ప్రకటన బస్తర్ హిందీ పత్రికలో!

భాష సంగతి మరీ విచిత్రం. కోంటా ప్రాంతంలో తెలుగు ప్రభావం బలంగా ఉన్న దోర్లీ మాట్లాడతారు, ఇతర చోట్ల గోండీ, హల్బీ వినిపిస్తాయి. మరో రాష్ట్రంలో సమన్లు అందించే విధానాన్ని చెప్పే 28వ సెక్షన్‌లో అనువాదం ప్రస్తావన ఉంది. కానీ అది ఒక న్యాయస్థానం మరొక న్యాయస్థానానికి తిరిగి పంపే రికార్డుకు సంబంధించినది. సమన్లు అందుకునే మనిషి కోసం ఆ సెక్షన్ అనువాదం కోరదు.

గడువు విషయంలో మాత్రం చట్టం ప్రతివాది పక్షాన కొంత నిలిచింది. 1963 నాటి లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ ప్రకారం రద్దు పిటిషన్‌కు డిక్రీ తేదీ నుంచి 30 రోజుల గడువు ఉంటుంది. సమన్లు సక్రమంగా అందనప్పుడు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు లెక్కిస్తారు. పత్రికా ప్రకటన వంటి ప్రత్యామ్నాయ పద్ధతిని ఈ లెక్కకు సక్రమంగా అందించినట్టు పరిగణించరాదని అదే ఆర్టికల్ వివరణ చెబుతోంది. పొలం జప్తుకు మనుషులు వచ్చిన రోజునే డిక్రీ గురించి తొలిసారి విన్నవారికి ఈ ఒక్క వాక్యమే ఆసరా. అందువల్ల ఆ సంగతి ఎప్పుడు, ఎవరి ద్వారా తెలిసిందో అఫిడవిట్‌లో స్పష్టంగా రాయడం ముఖ్యం.

ఆ గడువు కూడా దాటితే ఐదో సెక్షన్ కింద జాప్యం మన్నింపు కోరవచ్చు. జాప్యం ఎంత అన్నది కాదు, వివరణ ఆమోదయోగ్యమా అన్నదే ప్రమాణమని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. నిర్లక్ష్యం మాత్రం తగిన కారణం కాదని 2011లో స్పష్టం చేసింది.

వాదికీ రక్షణ ఉంది. ప్రతివాదికి విచారణ తేదీ ముందే తెలిసి, హాజరయ్యే వ్యవధి ఉందని తేలితే, సమన్లు అందించడంలో లోపం ఉన్నంత మాత్రాన డిక్రీని రద్దు చేయరు. వాదికి నోటీసు ఇవ్వకుండానూ రద్దు కుదరదు. ఖర్చులు చెల్లించాలనో, కొంత సొమ్ము డిపాజిట్ చేయాలనో న్యాయస్థానం షరతు పెట్టవచ్చు.

పిటిషన్ వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు, స్టే విడిగా కోరాలి. డిక్రీపై అప్పీలుకు వెళ్లే మార్గమూ ఉంది. అయితే ఆ అప్పీలు ఉపసంహరణ వల్ల కాక మరో విధంగా పరిష్కారమైతే, ఆ తరువాత రద్దు పిటిషన్ చెల్లదు.

ఇక న్యాయవాది ఖర్చు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ తెగలవారు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చు.