తాళం గట్టిదే.. మరి తాళంచెవి ఎక్కడుంది?

ఫోన్ పోయినా, రిపేర్‌కు ఇచ్చినా ‘లాక్ ఉంది కదా’ అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ ధీమాకు కారణం ఎన్‌క్రిప్షన్. అంటే ఇంటివాళ్ల ఫోటోలు, బ్యాంకు వివరాలు, మెసేజ్‌లన్నీ ఫోన్‌లో రహస్య లిపిలో ఉండటం. ఆ లిపిని లెక్కలతో విప్పడం దాదాపు అసాధ్యం. కానీ ఫోన్ చేతికి చిక్కితే వేరే దారులున్నాయని పరిశోధకులు చూపించారు.

ఫ్రీజర్‌లో ఫోన్

ఫోన్ ఆన్ చేసి ఒకసారి లాక్ తీశాక, డేటాను విప్పే తాళంచెవి ర్యామ్‌లో ఉంటుంది. బ్యాటరీ తీస్తే ర్యామ్ చెరిగిపోతుంది. కానీ చల్లగా ఉంటే వెంటనే చెరగదు. జర్మనీలోని ఎర్లాంగెన్ యూనివర్సిటీ పరిశోధకులు 2013లో గెలాక్సీ నెక్సస్ ఫోన్‌ను గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టారు. తర్వాత బ్యాటరీ తీసి క్షణంలో మళ్లీ పెట్టి, తమ సొంత సాఫ్ట్‌వేర్‌తో ఆన్ చేశారు. ర్యామ్‌లోంచి ఫోటోలు, కాంటాక్టులు బయటపడ్డాయి. బూట్‌లోడర్ ముందే అన్‌లాక్ చేసి ఉన్న ఫోన్లలోనైతే తాళంచెవే దొరికింది.

పదివేల పిన్‌లు

ఐఫోన్‌లో పదిసార్లు తప్పు పిన్ కొడితే డేటా చెరిగిపోయే సెట్టింగ్ ఉంది. 2016లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి చెందిన సెర్గీ స్కోరోబొగాటోవ్ ఐఫోన్ 5సీ మెమరీ చిప్‌ను ఊడదీసి కాపీ చేశారు. ఆరు ప్రయత్నాలకోసారి ఆ కాపీని తిరిగి ఎక్కిస్తే తప్పుల లెక్క మళ్లీ మొదటికొచ్చేది. నాలుగంకెల పిన్‌లు మొత్తం 10,000. అన్నీ ప్రయత్నించడానికి రెండు రోజులు కూడా పట్టదని ఆయన తేల్చారు.

ఇప్పుడేం మారింది?

కొత్త ఫోన్లలో పిన్ తప్పులను ప్రత్యేక సెక్యూరిటీ చిప్ లెక్కిస్తుంది. పాత పద్ధతులు వీటిపై పనిచేయవు. అయినా ఆన్‌లో ఉన్న ఫోన్‌లో కొన్ని తాళంచెవులు మెమరీలోనే ఉంటున్నాయి. అందుకే మూడు రోజులు లాక్ తీయకపోతే ఫోన్ తనంతట తానే రీస్టార్ట్ అయ్యే ఏర్పాటు 2024లో ఐఫోన్‌కు, 2025లో ఆండ్రాయిడ్‌కు వచ్చింది.

ఇంట్లో పాటించాల్సినవి

- పిన్ కనీసం ఆరంకెలు ఉండాలి. అక్షరాలు కలిపితే ఇంకా మంచిది.
- రిపేర్‌కు ఇచ్చేముందు బ్యాకప్ తీసుకుని, ఫోన్ పూర్తిగా ఆఫ్ చేయాలి.
- షాపులో పిన్ రాసివ్వొద్దు. చెక్ చేయాల్సి వస్తే దగ్గరుండి మీరే లాక్ తీయండి. పిన్ చేతికిచ్చాక ఏ ఎన్‌క్రిప్షనూ కాపాడదు.
- పాత ఫోన్ అమ్మేముందు ఫ్యాక్టరీ రీసెట్ తప్పనిసరి.